పదకొండో అధ్యాయం నాది కాదు

మంగళగిరిలో మా వీధికి రష్యా నుంచి మొట్టమొదట వచ్చినవాడు ఒక ముసలాయన. పొయ్యి మీద పడుకుని వచ్చాడు.

ఇది కోత అనుకుంటే తప్పు మీది కాదు. ఆ రోజు షెడ్డులో ఉన్న నేతగాళ్ళంతా అలాగే అనుకున్నారు. డెబ్భైల నాటి మాట. మాది గుంట మగ్గాల షెడ్డు. ఎనిమిది మగ్గాలు, మగ్గానికొక గుంత, గుంతలో కాళ్ళు వేలాడేసుకుని ఒక్కో మనిషి. నాకప్పుడు ఇరవై మూడేళ్ళు. ఎనిమిదో తరగతి దాకా వెలగబెట్టాను. నేను చదువు మానేశానంటే మా మాస్టారు ఊరంతా బెల్లం పంచారని చెప్పుకుంటారు గానీ, పంచింది బెల్లం కాదు, బొరుగులు. అయితే మగ్గాల టకటకల మీదుగా అవతలి గోడ దాకా వినపడే గొంతు వీధి మొత్తానికీ నాదొక్కటే. అందుకని రోజూ మధ్యాహ్నం ఒక గంటసేపు నేను గుంతలోంచి లేచి అరుగు మీద కూర్చుని చదవాలి, తక్కినవాళ్ళు నేస్తూ వినాలి. ఆ గంటా నా మగ్గం మూగబోకుండా వంతులవారీగా ఎవరో ఒకరు తన మగ్గం ఆపుకుని నా పని నేసిపెట్టాలి. అది మా షెడ్డు కట్టుబాటు. మొదట్లో పేపరు చదివేవాణ్ణి. పేపరు గంటకి చాలక పుస్తకాల్లోకి దిగాం.

మాస్కోలో అచ్చేసిన తెలుగు పుస్తకాలు ఆ రోజుల్లో బెజవాడలో వేయించిన శనక్కాయల కంటే చవగ్గా దొరికేవి. మా చేతికొచ్చింది ఇంకా చవక. అట్ట లేదు, ముందు పేజీలు లేవు. దాని పేరేమిటో, రాసిన మహానుభావుడెవరో అప్పుడూ తెలియదు, ఇప్పుడూ తెలియదు. నది అవతల ఒక పల్లెటూరు. యుద్ధం అయిపోయి మూడు నాలుగేళ్ళయింది. ఆ ఊరి జనం, గొడ్లు, గడ్డి, బురద. కథంతా అంతే.

మొదటి రోజే ముసలాయన పొయ్యెక్కి పడుకున్నాడు.

"ఆగరా," అన్నాడు సత్యం. అతని మగ్గం నా మగ్గం పక్కదే. నాకన్నా ఏడాది పెద్ద. "దేని మీద పడుకున్నాడూ?"

"పొయ్యి మీద."

"వెలిగే పొయ్యేనా?"

"వెలుగుతోందనే రాశాడు. పైన కంబళి పరుచుకుని, మనవణ్ణి పక్కలో వేసుకున్నాడంట."

"ముసలోడి సంగతి సరే, పసివాణ్ణి ఎందుకురా కాలుస్తావు?"

మగ్గాలన్నీ ఆగాయి. అది మే నెల. కొండ పొద్దుటి నుంచీ ఎండ తాగి, ఆ సెగంతా మా రేకుల మీదికి ఊదుతోంది. తడిగుడ్డ నెత్తిన వేసుకుని నేస్తున్న మనుషులకి, వెచ్చగా ఉంటుందని పొయ్యెక్కి పడుకునే మనిషి గురించి చెబితే ఎవరు నమ్ముతారు? అక్కడ పొయ్యి అంటే ఇటుకలతో కట్టిన గదంత కట్టడమనీ, పైన మంచంలాగా చదునుగా ఉంటుందనీ పేజీ అడుగున సన్నక్షరాల్లో వేశారు. అదీ చదివాను. "అబద్ధానికి గోడలు కడుతున్నాడు," అన్నారు.

నాలుగో రోజు వాళ్ళు నది మీదుగా బండి తోలారు. నీళ్ళు గడ్డకట్టిన నది, దాని మీద గుర్రబ్బండి, బండినిండా గడ్డి.

"ఏదీ, కృష్ణ మీద తోలు చూద్దాం," అన్నాడు సత్యం. "బ్యారేజీ ఎందుకు కట్టినట్టూ? పానకాల్ని పిలిస్తే నడిచి దాటేసేవాడు." పానకాలంటే నేనే.

నాకు ఒళ్ళు మండింది. ఉన్నదున్నట్టు చదివితే కోతలంటున్నారు కదా, అయితే నిజంగానే కోస్తానని మొదలుపెట్టాను. వాళ్ళ క్యాబేజీ పులుసులో గోంగూర వేశాను. ఎవరూ కిక్కురుమనలేదు. ఊరిపెద్దకి ఒక పాడిగేదెను కొనిపెట్టాను. అది ఈనింది. జున్ను ఎవరెవరికి పంచారని రెండు మగ్గాల మధ్య పెద్ద వాదన. రష్యా మంచులో ఆంధ్ర గేదె ఎలా బతికిందని మాత్రం ఒక్కడూ అడగలేదు. అలా ఆ పుస్తకం రాసినాయన నిజాలన్నీ నా కోతలయ్యాయి, నా కోతలన్నీ ఆయన నిజాలయ్యాయి. గేదె, గోంగూర నావేనని తర్వాత వీధంతా నేనే చెప్పుకుని తిరిగాను.

ఇదంతా ఇప్పుడెందుకంటే, పోయిన నెల రాజ్యశ్రీ మా ఇంటికి వచ్చింది. మా వీధి రాఘవమ్మ గారి మనవరాలు. బెజవాడలో కాలేజీ పిల్లలకి తెలుగు చెబుతుంది. నెలకోసారి ఆదివారం సాయంత్రం బెంజ్ సర్కిల్ వెనకాల ఒక మేడ మీద పుస్తకాల వాళ్ళంతా చేరతారట.

"తాతయ్యా, వచ్చే ఆదివారం ఖాళీయేనా మీరు?"

"పొద్దున దోసెలు తినే పనుందమ్మా. సాయంత్రం ఖాళీ."

"ఈసారి మా దాంట్లో రష్యా పల్లె కథల గురించి. అవి మన పల్లెల్లో, మగ్గాల దగ్గర ఎలా చదువుకున్నారనేది. నాయనమ్మ మాట్లాడుతుంది. మీరు చదవాలి."

"మీ నాయనమ్మకి మైకు పెట్టకండి. చుట్టుపక్కల అద్దాలు పగులుతాయి."

నవ్వింది. "తను మాట్లాడేది మీ గురించే. పదకొండో అధ్యాయం ఉంది కదా, నాయనమ్మ కోసం మీరు సొంతంగా కల్పించి చదివారే, దాని గురించి."

నేను నోరు తెరిచాను. అది నేను కల్పించింది కాదమ్మా అనడానికే తెరిచాను, ఒట్టు.

"మా ఇంట్లో అందరికీ తెలుసు తాతయ్యా. నాకోసం ఒకడు కూర్చుని కథ పుట్టించాడే, ఎంతమందికి అంత అదృష్టం, అని తను ఎప్పుడూ అంటుంది. మీకు శాలువా కూడా కప్పుతాం. ఆ అధ్యాయాన్ని మీ పేరుతో చిన్న పుస్తకంగా వేయాలని మా వాళ్ళ ఆలోచన."

శాలువా దగ్గర నా నోరు మూసుకుంది. పుస్తకం దగ్గర మళ్ళీ తెరుచుకుంది. "ఏదోలే అమ్మా, వయసులో ఉన్నాను, అలా వచ్చేసింది," అన్నాను. అక్కడ ఆగినా బాగుండేది. "కల్పించినన్నాళ్ళూ అన్నం సహించలేదనుకో," అని కూడా అన్నాను.

"అసలు పుస్తకం ఉందా మీ దగ్గర?"

"ఎక్కడమ్మా, ఎలకలు ఎప్పుడో నమిలేశాయి."

పుస్తకం సరిగ్గా నా నెత్తి మీద, అటక మీద ఉంది.

ఆ అమ్మాయి అటు వెళ్ళగానే నిచ్చెన వేసి దించాను. గుడ్డలో కట్టి పెట్టింది పెట్టినట్టే ఉంది. నిజం చెప్పొద్దూ, ఒక ఆశతో దించాను. ఆ పదకొండో అధ్యాయంలో నేను కలిపింది ఏదో ఒకటి ఉండకపోతుందా అని. సగమన్నా, పావలా వంతన్నా నాదైతే శాలువాకి సరిపోతుంది కదా.

చదివాను. ముందు మీకు ఆ రోజుల సంగతి చెప్పాలి.

ఆ ఏడు వానాకాలంలో రాఘవమ్మ భర్త వీరాస్వామి కామెర్లొచ్చి పోయాడు. మా ఎనిమిది మందిలో పెద్దవాడు ఆయనే. పుస్తకం సగంలో ఉంది. రెండు నెలలు చదవడమే మానేశాం. రాఘవమ్మకి అప్పటికి పాతికేళ్ళు, చంకలో ఒక పిల్లాడు. షెడ్డు బయట వసారాలో రాట్నం ముందు కూర్చుని మాకు నూలు కండెలు చుట్టిపెట్టేది. మగ్గం కూడా వచ్చు ఆవిడకి. వీరాస్వామి అన్నానికి లేచినప్పుడల్లా గుంతలో దిగి జానెడు నేసి లేచేది, ఏది ఆయన నేతో, ఏది ఆవిడ నేతో మాకే తెలిసేది కాదు. మగ్గం నేనే నేసుకుంటాను అంది. షెడ్డు యజమాని కాదనలేదు గానీ, నెల చూస్తాను, ఆ తర్వాత ఆ గుంతలో వేరే మనిషిని కూర్చోబెడతానన్నాడు.

చిక్కంతా మగ్గం దగ్గర కాదు, వీధిలో. నేతకి ముందు పడుగు తయారవ్వాలి. తెల్లవారుజామున పడుగు దారాలన్నీ వీధి పొడవునా సాచి, గంజి పట్టించి, పెద్ద కుంచెతో ఈ కొస నుంచి ఆ కొసకి లాగాలి. ఆ కుంచె ఒక్క మనిషి లాగేది కాదు. పడుగుకి ఇటొకరు, అటొకరు కుంచె రెండు కొసలూ పట్టుకుని అడుగులో అడుగు వేస్తూ నడవాలి. మా వీధిలో మగవాళ్ళే పట్టేవారు. పైగా భర్త పోయిన మనిషి పడుగు వీధిలో ఉండగా గడప దాటకూడదని పెద్దల మాట. రాఘవమ్మ ఎదుట రెండో కొస పట్టుకునేవాళ్ళు లేరు. పడుగు లేకపోతే మగ్గం లేదు. నెలలో ఇరవై రోజులు గడిచిపోయాయి.

ఈలోగా మధ్యాహ్నం చదువు మళ్ళీ మొదలైంది. అప్పుడు చదివాను పదకొండో అధ్యాయం.

దార్యా అనే ఆవిడ. యుద్ధానికి వెళ్ళిన భర్త తిరిగి రాలేదు. ఊరంతా కలిసి గడ్డి కోస్తున్నారు. మనిషెత్తు పిడి ఉన్న పెద్ద కొడవళ్ళు, ఒకరి వెనక ఒకరుగా వరస. వెనకబడితే వెనకవాడి కొడవలి మడమలకి తగులుతుంది, అందుకని చేతకానివాళ్ళని వరసలోకి రానివ్వరు. "గడ్డి మైదానం అంచున దార్యా నిలబడి ఉంది. భుజం మీద భర్త కొడవలి. ఎవరూ ఆమెను రమ్మనలేదు. పొమ్మని కూడా అనలేదు." తర్వాత ముసలి యెగోర్ కొయ్యడం ఆపాడు. జేబులోంచి సానరాయి తీశాడు. అతని కొడవలికి పదును అవసరం లేదు, పొద్దుననే పెట్టుకున్నాడు. రాయి రాస్తూ రాస్తూ ఒక అడుగు పక్కకి జరిగాడు. వరసలో సరిగ్గా ఒక మనిషి పట్టేంత ఖాళీ వచ్చింది. దార్యా వెళ్ళి ఆ ఖాళీలో నిలబడింది.

అంతే. ఆ రోజంతా వరసలో ఎవరో ఒకరి కొడవలికి పదును తగ్గుతూనే ఉంటుంది, ఆవిడ అందుకునే దాకా. సాయంత్రం ఇంటికి పోతే అత్తగారు మాట్లాడకుండా రొట్టె కోసి, పెద్ద ముక్క ఆవిడ ముందు పెట్టి, బల్ల మీద రాలిన పొడిని అరచేత్తో ఊడ్చి తను నోట్లో వేసుకుంటుంది.

డెబ్భై నాలుగేళ్ళ వయసులో, కళ్ళజోడు తుడుచుకుంటూ మళ్ళీ మళ్ళీ చదివాను. ఒక్క మాట నాది లేదు. ఉండడానికి చోటే లేదు. యెగోర్ చేత నేనైతే ఒక ఉపన్యాసం ఇప్పించేవాణ్ణి. దార్యాని ఏడిపించేవాణ్ణి. అత్తగారు కోడల్ని కావిలించుకునేలా చేసేవాణ్ణి. ఈయన సానరాయి తీయించి ఊరుకున్నాడు. సాయం చేసేవాడు ఇంకేదో పని చేసుకుంటున్నట్టు కనపడాలని ఈయనకి ఎవరు చెప్పారు? ఆ రొట్టెపొడి చూడండి. మా అమ్మ తెగిన పోగుల్ని నేల మీద నుంచి అలాగే ఏరి వేలికి చుట్టుకునేది, దాన్ని నేను డెబ్భై నాలుగేళ్ళు చూసి కూడా చూడలేదు. ఆయన మంగళగిరి రాలేదు, మగ్గం ఎరగడు, మా అమ్మ ఎవరో ఆయనకి తెలియదు. గొడ్ల కొట్టంలో తడిగడ్డి వాసన, బావిగట్టు మీద బకెట్టు పెట్టిన చప్పుడు, ఎవరింట్లో పొగ ముందు లేచిందో చూసి ఆ ఇల్లాలికి ఒంట్లో బాగుందని తెలుసుకోవడం, ఇలాంటివి నింపుకుంటూ పోయాడు పుస్తకమంతా. ఏ పేజీలోనూ పెద్దగా ఏమీ జరగదు. జరగనిదాన్ని అంతసేపు వినిపించడం నా వల్ల ఈ జన్మకి కాదు. నేను ఊరికే తోచక గేదెల్ని కొనిపెట్టుకుంటూ వచ్చాను.

ఆ అధ్యాయం చదివిన మర్నాడు ఏం జరిగిందంటారా? సత్యం పడుగు వీధిలో పడింది. వీరాస్వామి ఉన్నన్నాళ్ళూ వాళ్ళిద్దరూ జోడీ. ఆయన పోయాక ఆ రెండో కొస నేను పడుతున్నాను. నేను పట్టబోతుంటే సత్యం ఆగి, "మోకాలు పట్టేసిందిరా," అని వంగి కాలు రుద్దుకున్నాడు. అలా రుద్దుకుంటూనే కుంచెను తిప్పి, నా వైపు కొసని రాఘవమ్మ గుమ్మం వైపు పెట్టాడు. ఆవిడ గడప లోపల నిలబడి ఉంది. వీధంతా చూస్తోంది. ఒక పెద్దాయన దగ్గాడు. ఇంకొకాయన ఆకాశం కేసి చూసి వాన వచ్చేలా ఉందన్నాడు. మబ్బు ముక్క లేదు. రాఘవమ్మ గడప దాటి వచ్చి కొస పట్టుకుంది. నేను నోరు తెరుచుకుని అక్కడే నిలబడిపోయాను. మరో వారానికి ఆవిడ పడుగు వీధికెక్కింది. ఆ మగ్గం మీద ఆవిడ నలభై రెండేళ్ళు నేసింది.

ఇదన్న మాట నాకు కప్పబోతున్న శాలువా వెనక సంగతి.

చెబితే శాలువా పోతుంది. పోనీ, బీరువాలో పెట్టుకోవడానికే గదా. కానీ చెబితే ఆవిడకేం మిగులుతుంది? లోకమంతా గుమ్మం మూసిన రోజుల్లో ఒకడు తనకోసం కూర్చుని కథ అల్లాడని యాభై ఏళ్ళు మనసులో పెట్టుకున్న మనిషి. ఆ ఒకడు అల్లలేదు, వరసలో వచ్చిన పేజీ చదివాడంతే అని చెప్పాలా? చెప్పకపోతే ఎక్కడో ఆ పేరు తెలియని పెద్దమనిషి చెమటోడ్చి రాసినదాన్ని నా పేరు మీద అచ్చేయిస్తారు. జీవితంలో నేను చెప్పిన కోతలకి లెక్కలేదు గానీ, చెప్పని కోతకి పేరు కొట్టేయడం ఇదే మొదలు. నాలుగు రోజుల్లో మా ఆవిడ "ఏంటి, మాట పడిపోయిందా?" అని మూడుసార్లు అడిగింది. నాలుగోసారి డాక్టరు దగ్గరికి తీసుకెళ్తానంది.

ఆదివారం సాయంత్రం రాజ్యశ్రీ ఆటో తెచ్చింది. వెనక సీట్లో రాఘవమ్మ, రాజ్యశ్రీ, నేను. ముందు డ్రైవరు పక్కన సత్యం. చప్పట్లు కొట్టడానికి ఒకడుండాలని నేనే రమ్మన్నాను. పుస్తకం సంచీలో పెట్టుకున్నాను. ఎందుకు పెట్టుకున్నానో అప్పటికి నాకే తేల్లేదు.

"ఏవయ్యా మరిదీ, చొక్కా ఇస్త్రీ చేయించావే! పెళ్ళిచూపులకా?" అంది రాఘవమ్మ.

"శాలువాకి వదినా. ముడతల చొక్కా మీద నిలవదంట."

"నీ మీద నిజమే నిలవదు, శాలువా ఏం నిలుస్తుంది?" అని పకపకా నవ్వింది. ఆవిడ నవ్వు చూస్తే నాకు చెప్పబుద్ధి కాలేదు. చెప్పకుండా ఉండబుద్ధీ కాలేదు. ఆటో హైవే ఎక్కింది. తాడేపల్లి దాటింది. వారధి మీదకి వచ్చేసరికి ఇంకో పావుగంటలో హాలు వచ్చేస్తుందని గుర్తొచ్చింది.

"వదినా, ఒక మాట. పదకొండో అధ్యాయం నేను కల్పించింది కాదు. పుస్తకంలో ఉన్నదే."

"వినయం ఎక్కడ కొన్నావయ్యా? ఆన్‌లైన్లోనా?"

"నిజం వదినా."

"చాల్లే. నా సంగతి అచ్చు గుద్దినట్టు రష్యాలో ఎవడికి తెలుస్తుంది? గేదె నీది కాదూ? గోంగూర నీది కాదూ?"

"గేదె నాదే, గోంగూరా నాదే. అది మాత్రం కాదు."

సంచీలోంచి పుస్తకం తీశాను. రాజ్యశ్రీ నా వంక చూసిన చూపు ఇప్పుడు రాయను. "ఎలకలు?" అంది.

"ఉమ్మేశాయమ్మా."

రాఘవమ్మకి చదువు రాదు. రాజ్యశ్రీయే పేజీ తీసి, ఆటో రొదలో గొంతు పెంచి చదివింది. దార్యా, కొడవలి, యెగోర్, సానరాయి. రెండు పేజీలు చదివేసరికి ముసలావిడ చెయ్యెత్తి ఆపింది.

"మరి ఆ రోజు అదే ఎందుకు చదివావు?" అని నన్నడిగింది.

"ముందు రోజుతో పది అయిపోయింది వదినా."

"అంతేనా?"

"అంతే."

వారధి కింద కృష్ణ నిండుగా పోతోంది. ఆవిడ అటు చూస్తూ కూర్చుంది. బస్సు ఒకటి మా పక్క నుంచి హారన్ కొట్టుకుంటూ పోయింది.

"ఏటా నీకొక తువ్వాలు నేసిచ్చానే," అంది చివరికి. "నలభై రెండు తువ్వాళ్ళు. అవి దేనికనుకున్నావు?"

"నా మొహం బాగుంటుందని అనుకున్నా వదినా."

నవ్వలేదు. "మరి కుంచె?" అంది. "కుంచె నాకందించమని సత్యానికి చెప్పింది నువ్వే కదా?"

"నేను చెప్పలేదు. ఆ కొస నేను పట్టాల్సింది. నాక్కూడా ముందు తెలియదు."

"మరెవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదనుకుంటా."

ముగ్గురం ముందు సీటు వైపు చూశాం. సత్యం రోడ్డునే చూస్తున్నాడు.

"ఏవయ్యా సత్యం!" అని పిలిచింది రాఘవమ్మ.

"ఆటో చప్పుడుకి వినపట్లేదు," అన్నాడు సత్యం ఠక్కున.

బెంజ్ సర్కిల్ ట్రాఫిక్ దాటుకుని హాలు దగ్గర దిగాం. మేడ మెట్లు ఎక్కడానికి రాఘవమ్మ నా భుజం పట్టుకుంది. కోపంగా పట్టుకుందో, ఊతకి పట్టుకుందో చెప్పలేను. గట్టిగా మాత్రం పట్టుకుంది.

హాల్లో ఓ నలభై మంది ఉన్నారు. కుర్రవాళ్ళే ఎక్కువ. రాజ్యశ్రీ నాలుగు మాటలు చెప్పి నాయనమ్మని పిలిచింది. ఆవిడ మైకు పక్కకి నెట్టి నిలబడింది. ఈ కోతలరాయుడు నన్ను యాభై ఏళ్ళు మోసం చేశాడంటుందో, ఏమీ జరగనట్టు నన్ను పొగిడేసి ఊరుకుంటుందో. రెండోదే భయంగా ఉంది.

"నేనిక్కడికి ఒక మాట చెబుదామని బయల్దేరాను," అంది. "దార్లో అది తప్పని తేలింది. పానకాలు నాకోసం కథ కట్టాడనుకున్నా. కట్టలేదంట. పుస్తకంలో ఉందంట. రాసినాయన పేరు వీళ్ళెవరికీ తెలియదు. ఆయనకి మా వీధి తెలియదు. కానీ ఆ కథ విన్న మర్నాడు నాకు మా వీధిలో నిలబడ్డానికి చోటొచ్చింది. అదెలా వచ్చిందో నాకూ ఇవాల్టిదాకా తెలీదు." వెనక వరసలోకి చూసి, "సత్యం, ఇక్కడ ఆటో చప్పుడు లేదు. లేచి చెప్పు," అంది.

సత్యం లేచాడు. జీవితంలో పదిమందిలో నోరెత్తిన మనిషి కాదు. ముందు కుర్చీ వీపు పట్టుకుని నిలబడ్డాడు.

"ఏం లేదండి," అన్నాడు. "పానకాలు చదివిందేదీ నేను నమ్మేవాణ్ణి కాదు. పొయ్యి మీద పడుకోడాలూ, నది మీద బండ్లూ. అది మాత్రం నమ్మాను."

"అదే ఎందుకు నమ్మారండీ?" అని ముందు వరసలో ఒక కుర్రాడు అడిగాడు.

"వాడు కల్పిస్తే అక్కడో తోడేలు వచ్చేదండి. ఆ యెగోర్ తోడేల్ని చంపేవాడు. ఎవరో ఒకరు ఏడ్చేవారు. అందులో ఏమీ రాలేదు. ముసలాయన పక్కకి జరిగాడు, అంతే. అలాంటిది వీడి వల్ల కాదు, జరిగే ఉంటుందనుకున్నా."

జనం నన్ను చూసి నవ్వారు. నేనూ నవ్వాను. అంతకంటే మంచి విమర్శ నా మీద ఎవరూ చెయ్యలేదు, ఆ రచయిత మీద కూడా చేసి ఉండరు.

"సరే, నమ్మావు. కుంచె ఎందుకిచ్చావు?" అంది రాఘవమ్మ వదలకుండా.

సత్యం తల గోక్కున్నాడు. "అంతమంది కోతగాళ్ళు, ఎవరో ఏ దేశమోళ్ళో, పక్కకి జరిగారు కదమ్మా. మనం విని కూడా జరక్కపోతే ఏం బాగుంటుంది? సిగ్గేసింది." అని కూర్చోబోయి మళ్ళీ లేచాడు. "మోకాలు బాగానే ఉండేది," అని కూర్చున్నాడు.

రాఘవమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. ఆవిడ కళ్ళలో నీళ్ళు చూశానని రాయొచ్చు గానీ నేను కూర్చున్న చోటు నుంచి కనపడలేదు.

రాజ్యశ్రీ శాలువా చేత్తో పట్టుకుని మధ్యలో నిలబడిపోయింది. నా వంక చూసింది, సత్యం వంక చూసింది, చేతిలోని పుస్తకం వంక చూసింది. "ఇప్పుడు ఎవరికి కప్పాలి నాయనమ్మా?"

రాఘవమ్మ శాలువా అంచుని రెండు వేళ్ళ మధ్య పెట్టి నలిపి చూసింది. "పవర్‌లూమ్‌ది," అంది. "ఎవరికి కప్పినా ఒకటే. ఆ కుర్చీ మీద పెట్టు." తర్వాత నా వైపు తిరిగింది. "లే మరిదీ. నలభై రెండు తువ్వాళ్ళు తీసుకున్నావు. ఆ అధ్యాయం మొత్తం చదువు. ఆయన రాసింది రాసినట్టు. నేను ఇప్పుడే మొదటిసారి వింటున్నా అనుకో."

వెళ్ళి నిలబడ్డాను. అరుగు లేదు, మగ్గాల టకటకలు లేవు, గొంతు పెంచాల్సిన పని లేదు. దార్యా గడ్డి మైదానం అంచుకి వచ్చిన చోట మొదలుపెట్టి, అత్తగారు రొట్టెపొడి నోట్లో వేసుకునే దాకా చదివాను. రాఘవమ్మ కళ్ళు మూసుకుని, మధ్యమధ్య తల ఊపుతూ వింది. ఒక్క అక్షరం కలపలేదు నేను. కలపబుద్ధేసిన చోట్లు మూడున్నాయి. అవెక్కడో అడక్కండి.